జార్జ్ బ్రఫ్

జార్జ్ బ్రఫ్ (ఏప్రిల్ 21, 1890 - జనవరి 12, 1970) ఇంగ్లాండుకు చెందిన ప్రముఖ మోటారుసైకిళ్ళ నిర్మాత, పందెపు చోదకుడు మరియు వ్యాపారవేత్త. నాట్టింగ్‌హామ్ నగరములో ఈయన స్థాపించిన బ్రఫ్ సుపీరియర్ సంస్థ 1919 నుండి 1940 వరకు పనిచేసింది. ఈ 21 సంవత్సరములలో ఆ సంస్థనుండి వెలువడిన వాహనములు మొత్తము 3,048 మాత్రమే. వీటిలో సుమారు మూడవ వంతు నేటికీ మిగిలి ఉన్నాయి. ప్రపంచములో పాత బ్రిటిషు మోటారుసైకిళ్ళను సేకరించేవారు అత్యధికముగా కోరుకునే వాహనములలో ఇవి మొదటి వరుసలో ఉంటాయి. వేలంపాటలలో వీటి ధర అనేకసార్లు మూడు లక్షల పౌండ్లను దాటింది.

బ్రఫ్ తన వాహనములలోని ప్రధాన భాగములను చాలవరకు ఇతర సంస్థలనుండి కొని, వాటిని మెరుగుపరచి, జోడించి అమ్మేవాడు. ఈ కారణముగా ఒక వాహనము నిజమైన బ్రఫ్ సుపీరియరా, లేక తరువాతి కాలములో విడిభాగములతో కూర్చినదా అన్న ప్రశ్న సేకర్తలకు చాలా ముఖ్యమైనది. ఈ ప్రశ్నకు సమాధానము సంస్థ ప్రతి వాహనమునకూ రాసి ఉంచిన కార్డులలో లభిస్తుంది.

జననము, కుటుంబము

జార్జ్ బ్రఫ్ 1890 ఏప్రిల్ 21న నాట్టింగ్‌హామ్‌లోని బాస్‌ఫోర్డ్ ప్రాంతములో జన్మించాడు. తండ్రి విలియం ఎడ్వర్డ్ బ్రఫ్. ఈయన మొదట బొగ్గుగనిలో యంత్రముల పని చూసేవాడు. తరువాత స్వయముగా కారును, మోటారుసైకిలును నిర్మించి, 20వ శతాబ్దము తొలి సంవత్సరములలో బాస్‌ఫోర్డ్‌లోనే మోటారుసైకిళ్ళ తయారీ ప్రారంభించాడు. జార్జ్ ఈ కర్మాగారపు వాతావరణములోనే పెరిగాడు. చిన్నతనమునుండే వాహనములను విప్పడము, బిగించడము, నడపడము నేర్చుకున్నాడు.

ఆ కాలములో మోటారుసైకిలు ఇంకా నమ్మదగిన వాహనము కాదు. దారిలో ఆగిపోవడము, బెల్టు తెగిపోవడము సర్వసాధారణము. కాబట్టి తయారీదారులు తమ వాహనముల గట్టితనమును నిరూపించుకొనుటకు దూరప్రయాణపు పోటీలలో పాల్గొనేవారు. జార్జ్ తండ్రి తయారుచేసిన వాహనములతో ఇటువంటి పోటీలకు వెళ్ళేవాడు. లండను నుండి ఎడింబరో వరకు జరిగే పోటీలో 1910, 1911, 1912 సంవత్సరములలో వరుసగా విజయము సాధించాడు.

సంస్థ స్థాపన

మొదటి ప్రపంచయుద్ధము ముగిసే నాటికి జార్జ్ తండ్రి వ్యాపారములో భాగస్వామి. అయితే ఇంజను విషయములో తండ్రీకొడుకులకు అభిప్రాయభేదము ఏర్పడింది. తండ్రి రెండు సిలిండర్లు ఎదురెదురుగా పడుకొని ఉండే ఇంజనునే నమ్మాడు. అది కుదుపు లేకుండా మెత్తగా నడుస్తుంది. జార్జ్ మాత్రము రెండు సిలిండర్లు ఆంగ్ల అక్షరము వి ఆకారములో నిలబడి ఉండే పెద్ద ఇంజను కావాలన్నాడు. వేగమునకు, ఆకర్షణకు అదే తగినదని ఆయన అభిప్రాయము. ధర ఎంతైనా ఇచ్చి మేలైన వాహనమును కొనేవారు ఉన్నారని ఆయన భావించాడు.

చివరకు జార్జ్ తన వాటా సొమ్ము తీసుకొని విడిపోయి, 1919లో నాట్టింగ్‌హామ్‌లోని హేడన్ రోడ్డులో సొంత సంస్థను ప్రారంభించాడు. తండ్రి వాహనముల పేరు బ్రఫ్. తన వాహనములకు జార్జ్ బ్రఫ్ సుపీరియర్ అని పేరు పెట్టుకున్నాడు. సుపీరియర్ అనగా మేలైనది అని అర్థము. ఆ పేరు విన్న తండ్రి, అయితే తన బండ్లు నాసిరకమన్నమాట అని చమత్కరించాడని చెప్తారు. తండ్రి వ్యాపారము 1920వ దశకములో మూతబడింది. కొడుకు వ్యాపారము నిలిచింది.

నిర్మాణ పద్ధతి

బ్రఫ్ సుపీరియర్ సంస్థకు ఇంజన్లను పోతపోసే కర్మాగారము లేదు. తొలి నమూనాలకు ఇంజన్లు లండనులోని జె.ఎ.ప్రెస్ట్‌విచ్ సంస్థనుండి వచ్చేవి. ఈ ఇంజన్లను క్లుప్తముగా జె.ఎ.పి. ఇంజన్లు అంటారు. 1930వ దశకము మధ్యనుండి మ్యాచ్‌లెస్ సంస్థ ఇంజన్లను వాడారు. గేరుబాక్సులు నాట్టింగ్‌హామ్‌కే చెందిన స్టర్మీ ఆర్చర్ సంస్థవి. ముందు చక్రమును పట్టి ఉంచే కాసిల్ ఫోర్కును అమెరికాకు చెందిన హార్లీ డేవిడ్‌సన్ ఫోర్కు నమూనా ఆధారముగా రూపొందించారు.

భాగములన్నీ ఇతరులవే అయినప్పుడు బ్రఫ్ చేసినదేమిటి అన్న విమర్శ ఆనాటినుండి ఉన్నది. నిజానికి ఆయన ప్రతిభ ఎంపికలో, కూర్పులో, పరీక్షలో ఉన్నది. ఇంజను సరఫరా చేసే సంస్థనుండి తనకోసము ప్రత్యేకముగా మెరుగుపరచిన భాగములను కోరేవాడు. నచ్చని భాగములను వెనక్కి పంపేవాడు. వాహనమును ముందుగా తాత్కాలికముగా బిగించి, అన్నీ సరిగా కుదిరిన తరువాత తిరిగి విప్పి, రంగులు, నికెలు పూతలు వేయించి, మళ్ళీ బిగించేవారు. ఆపైన రోడ్డుమీద నడిపి చూసిన తరువాతనే అమ్మకమునకు పంపేవారు.

రూపములో కూడా బ్రఫ్ ఒక మార్పు తెచ్చాడు. అంతకుముందు పెట్రోలు ట్యాంకు చదునైన డబ్బావలె చట్రపు గొట్టముల మధ్య ఇరికించి ఉండేది. బ్రఫ్ గుండ్రని అంచులతో, నికెలు పూతతో మెరిసే ట్యాంకును చట్రపు గొట్టముపై గుర్రపు జీనువలె అమర్చాడు. కొన్ని సంవత్సరములలోనే ఇతర తయారీదారులందరూ ఈ పద్ధతిని అనుసరించారు. నేడు మన రోడ్లమీద తిరిగే మోటారుసైకిళ్ళలో కనిపించే ట్యాంకు ఆకారము ఈ మార్పునకు కొనసాగింపే.

పందెములు

1922లో లండను సమీపములోని బ్రూక్‌లాండ్స్ పందెపు బాటపై బ్రఫ్ తన సొంత వాహనమును గంటకు 100 మైళ్ళ (161 కి.మీ.) వేగముతో ఒక చుట్టు నడిపాడు. సైడ్ వాల్వు ఇంజనుతో ఆ వేగమును అందుకున్న మొదటి మోటారుసైకిలు అదే. దాని పేరు స్పిట్ అండ్ పాలిష్. సైనికులు తమ బూట్లను అద్దమువలె మెరిపించే పనికి వాడే మాట అది. పందెమునకు వచ్చే వాహనములు నూనె మరకలతో ఉండే రోజులలో బ్రఫ్ తన వాహనమును ప్రదర్శనకు పెట్టినట్లు తుడిచి తెచ్చేవాడు.

తరువాత ఆయన నిర్మించుకున్న పందెపు వాహనము పేరు ఓల్డ్ బిల్. దీనితో ఆయన వరుసగా 51 వేగపు పోటీలలో గెలిచాడు. 52వ పోటీలో గమ్యము దగ్గరపడుతుండగా ముందు టైరు పగిలింది. బ్రఫ్ కిందపడి తీవ్రముగా గాయపడ్డాడు. వాహనము మాత్రము చోదకుడు లేకుండానే ముందుకు పోయి అందరికంటే ముందుగా గీత దాటింది.

పందెములలో సాధించిన ప్రతి విజయమునూ బ్రఫ్ తన ప్రకటనలలో వాడుకున్నాడు. వాహనముల జాబితా పుస్తకములను, ప్రకటనలను స్వయముగా రాసేవాడు. ప్రత్యేకమైన టోపీతో ఆయన రూపము కూడా వ్యాపారపు గుర్తుగా మారింది. తన వాహనమును గురించి గొప్పలు చెప్పుకొనుటలో ఆయనకు మొహమాటము లేదు. కాని చెప్పిన వేగమును నడిపి చూపగలగడము వలన కొనుగోలుదారులు ఆయనను నమ్మారు.

ప్రధాన నమూనాలు

ఎస్.ఎస్.80: 1922 చివరలో ప్రవేశపెట్టారు. గంటకు 80 మైళ్ళ (129 కి.మీ.) వేగము ఖాయమన్న హామీతో అమ్మేవారు. సంస్థ వాహనములలో ఎక్కువగా అమ్ముడైనది ఇదే. మొత్తము 1,086 తయారయ్యాయి.

ఎస్.ఎస్.100: 1924 చివరలో ప్రవేశపెట్టారు. గంటకు 100 మైళ్ళ వేగము అందుకున్నట్లు పరీక్షించి, ఆ మేరకు కొనుగోలుదారునకు ధ్రువపత్రము ఇచ్చేవారు. జె.ఎ.పి. ఇంజనుతో 281, మ్యాచ్‌లెస్ ఇంజనుతో 102 చొప్పున మొత్తము 383 తయారయ్యాయి. బ్రఫ్ 1925లో ఆస్ట్రియాలోని ఆల్ప్స్ పర్వతముల పోటీలో దీనిని నడిపాడు. ఆ తరువాత ఆల్పైన్ గ్రాండ్ స్పోర్ట్స్ అనే రకము వెలువడింది. వేల్స్ తీరములోని పెండైన్ ఇసుకతిన్నెల పేరుతో మరొక రకము వచ్చింది.

బి.ఎస్.4: 1931లో ప్రదర్శించారు. ఆస్టిన్ సెవెన్ అనే చిన్నకారు ఇంజనును నీటితో చల్లబరచే పద్ధతితో సహా మోటారుసైకిలులో అమర్చారు. ఇంజను శక్తి మధ్యలోని షాఫ్టు ద్వారా వెనుకకు వెళ్తుంది. ఆ షాఫ్టుకు ఇరువైపులా పక్కపక్కనే రెండు వెనుక చక్రములు ఉంటాయి. పక్కన తొట్టె (సైడ్ కారు) తగిలించి నడుపుటకు ఉద్దేశించిన ఈ వాహనమునకు వెనుకకు నడిచే గేరు కూడా ఉన్నది. సుమారు 10 మాత్రమే తయారయ్యాయి.

గోల్డెన్ డ్రీమ్: 1938లో లండను ప్రదర్శనలో బంగారు రంగుతో ప్రదర్శించారు. నాలుగు సిలిండర్లు పడుకొని ఉండే ఈ ఇంజను ఇతరుల ఇంజన్లపై ఆధారపడకుండా బ్రఫ్ తనకోసము రూపొందింపజేసినది. కొన్ని నమూనాలు తయారయ్యే సరికి రెండవ ప్రపంచయుద్ధము వచ్చి పని ఆగిపోయింది.

బ్రఫ్ 1935 నుండి 1939 వరకు అమెరికాకు చెందిన హడ్సన్ సంస్థ భాగములతో బ్రఫ్ సుపీరియర్ పేరుమీద కార్లను కూడా అమ్మాడు.

రోల్స్ రాయిస్‌తో పోలిక

బ్రఫ్ సుపీరియర్‌ను మోటారుసైకిళ్ళలో రోల్స్ రాయిస్ అని పిలుస్తారు. ద మోటార్ సైకిల్ అనే వారపత్రికకు చెందిన హెచ్.డి.టీగ్ ఒక సమీక్షలో ఈ పోలిక తెచ్చాడు. బ్రఫ్ దానిని తన ప్రకటనలలో నినాదముగా వాడుకున్నాడు. రోల్స్ రాయిస్ సంస్థ ప్రతినిధి ఒకరు విచారణకు హేడన్ రోడ్డుకు వచ్చాడని, అక్కడ పనివారు తెల్లని చేతితొడుగులు ధరించి వాహనమును బిగిస్తూ ఉండగా చూసి తృప్తిపడి వెళ్ళాడని ఒక కథ ప్రచారములో ఉన్నది. పనివారు తొడుగులు వేసుకున్నది ప్రదర్శనకు పోయే వాహనపు మెరుగు చెడకుండా ఉండుటకని ఆ కథలోనే చెప్తారు.

ధర కూడా ఈ పేరుకు తగినట్లే ఉండేది. 1920, 1930 దశకములలో వాహనము ధర 100 నుండి 185 పౌండ్ల వరకు ఉండేది. ఆ రోజులలో ఇంగ్లాండులో సగటు మనిషి సంవత్సర ఆదాయము సుమారు 200 పౌండ్లు. అందుచేత సంపన్నులు, లేదా వేగముపై పిచ్చి ఉన్నవారు మాత్రమే వీటిని కొనగలిగేవారు.

టి.ఇ.లారెన్స్

బ్రఫ్ కొనుగోలుదారులలో అందరికంటే ప్రసిద్ధుడు అరేబియా లారెన్స్‌గా పేరుపొందిన టి.ఇ.లారెన్స్. ఈయన 1922 నుండి వరుసగా ఏడు బ్రఫ్ సుపీరియర్ వాహనములను వాడాడు. నిర్మాత పేరు కలిసివచ్చేటట్లు వాటిని మొదటి జార్జ్, రెండవ జార్జ్ అంటూ రాజుల వరుసలో పిలుచుకున్నాడు. బ్రఫ్‌తో ఆయనకు స్నేహము ఉండేది. ఎనిమిదవ వాహనము కూడా తయారీలో ఉండగా, 1935 మే 13న డార్సెట్ ప్రాంతములో తన ఇంటి సమీపమున, సైకిళ్ళమీద వస్తున్న ఇద్దరు బాలురను తప్పించబోయి లారెన్స్ పడిపోయాడు. తలకు తగిలిన గాయముతో మే 19న మరణించాడు.

ఆయనకు చికిత్స చేసిన వైద్యులలో ఒకడైన హ్యూ కెయిర్న్స్ ఈ సంఘటన తరువాత మోటారుసైకిలు చోదకుల తల గాయములపై పరిశోధన చేశాడు. సైన్యములో సందేశములు మోసే చోదకులకు శిరస్త్రాణము ఎంత అవసరమో 1941లో ప్రచురించిన వ్యాసములో చూపాడు. నేడు అందరికీ తెలిసిన హెల్మెట్ నియమమునకు వెనుక ఉన్న పరిశోధనలలో ఇది తొలి నాళ్ళది.

వేగపు రికార్డులు

బ్రఫ్ సుపీరియర్ వాహనములపై అనేకమంది చోదకులు ప్రపంచ రికార్డులు నెలకొల్పారు. 1928లో ఫ్రాన్సులోని ఆర్పజాన్‌లో బ్రఫ్ స్వయముగా గంటకు 130.6 మైళ్ళ (210 కి.మీ.) వేగమును అందుకున్నాడు. అయితే రికార్డుకు ఇరువైపులా నడపవలసి ఉండగా ఒకవైపు పరుగు మాత్రమే పూర్తి అయినందున అది అధికారికముగా నమోదు కాలేదు. మరుసటి సంవత్సరము అక్కడే బెర్ట్ లె వాక్ గంటకు 129 మైళ్ళతో అధికారిక రికార్డు సాధించాడు. 1937లో ఎరిక్ ఫెర్నిహో హంగేరీలో గంటకు 169.8 మైళ్ళ (273 కి.మీ.) వేగముతో ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. మరుసటి సంవత్సరము దానిని మించుటకు అదే దేశములో చేసిన ప్రయత్నములో ప్రమాదమునకు గురై మరణించాడు. 1939లో నోయెల్ పోప్ బ్రూక్‌లాండ్స్‌లో గంటకు 124.5 మైళ్ళ వేగముతో చుట్టు పూర్తి చేశాడు. యుద్ధముతో ఆ పందెపు బాట మూతపడుట వలన మోటారుసైకిళ్ళలో ఆ రికార్డు శాశ్వతముగా నిలిచిపోయింది.

ఉత్పత్తి నిలిపివేత

రెండవ ప్రపంచయుద్ధ కాలములో హేడన్ రోడ్డు కర్మాగారమును యుద్ధపు పనులకు మళ్ళించారు. విమానములలో వాడే రోల్స్ రాయిస్ మెర్లిన్ ఇంజనుకు క్రాంక్‌షాఫ్టు వంటి సూక్ష్మమైన కొలతలు గల భాగములను అక్కడ తయారుచేశారు. రోల్స్ రాయిస్‌తో పోల్చబడిన సంస్థ ఈ విధముగా నిజముగానే ఆ సంస్థకు పనిచేసింది.

యుద్ధము ముగిసిన తరువాత బ్రఫ్ మోటారుసైకిళ్ళ తయారీని తిరిగి ప్రారంభించలేదు. తాను కోరిన నాణ్యత గల పెద్ద ఇంజన్లను సరఫరా చేసేవారు లేకపోవడము దీనికి ముఖ్య కారణము. తక్కువరకపు ఇంజనుతో తన పేరుమీద వాహనమును అమ్మడము కంటే తయారీ మానుకోవడమే ఆయన ఎంచుకున్నాడు. ఇతరులపై ఆధారపడిన పద్ధతిలోని బలహీనత ఇక్కడ బయటపడింది. కర్మాగారము మాత్రము ఇతర సంస్థలకు యంత్రభాగములు చేసిపెడుతూ కొనసాగింది.

సేకర్తలు, కార్డులు

ఉత్పత్తి నిలిచిన తరువాత ఈ వాహనముల విలువ వెంటనే పెరగలేదు. 1950వ దశకములో ఇవి కాలము చెల్లిన పెద్ద బండ్లు మాత్రమే. తొట్టెను లాగుటకు పనికివస్తాయని చౌకగా కొనేవారు. ఎన్నో వాహనములు పాత ఇనుము కింద పోయాయి. మరికొన్నింటి ఇంజన్లను విప్పి పందెపు కార్లకు వాడుకున్నారు.

ఇటువంటి సమయములో, 1958లో కొందరు యజమానులు కలిసి బ్రఫ్ సుపీరియర్ క్లబ్బును స్థాపించారు. నిర్మాత జీవించి ఉండగానే ఏర్పడిన ఈ క్లబ్బు చేసిన ముఖ్యమైన పని కర్మాగారపు కార్డులను కాపాడటము. హేడన్ రోడ్డునుండి బయటకు పోయిన ప్రతి వాహనమునకు ఒక కార్డు ఉండేది. అందులో చట్రపు సంఖ్య, ఇంజను సంఖ్య, గేరుబాక్సు వివరములు, కొనుగోలుదారు కోరిన ప్రత్యేక అమరికలు, పంపిన తేదీ వంటివి నమోదై ఉంటాయి. కర్మాగారపు దైనందిన అవసరమునకు రాసుకున్న ఈ కార్డులు తరువాతి కాలములో వాహనముల జాతక చక్రములుగా మారాయి.

పాత వాహనమును పరిశీలించేవారు మొదట చట్రముపై, ఇంజనుపై చెక్కిన సంఖ్యలను కార్డులోని సంఖ్యలతో పోల్చుతారు. రెండూ కలిస్తే వాహనము పుట్టినప్పటి రూపములోనే ఉన్నదని అర్థము. ఇంజను మరొక వాహనమునుండి వచ్చినదైతే విలువ తగ్గుతుంది. చట్రము కొత్తగా తయారుచేసినదైతే ఇంకా తగ్గుతుంది.

వేలంపాటలు

పాత మోటారుసైకిళ్ళ వేలములు ఇంగ్లాండులో ప్రత్యేక వ్యాపారముగా వృద్ధి చెందాయి. బాన్‌హామ్స్ సంస్థ స్టాఫర్డ్ నగరములో జరిగే పాత మోటారుసైకిళ్ళ ప్రదర్శనలలో నిర్వహించిన వేలములు వీటిలో ప్రసిద్ధమైనవి. వేలమునకు ముందు ప్రతి వాహనము చరిత్రను, సంఖ్యలను, అంచనా ధరను తెలుపుతూ పుస్తకము ప్రచురిస్తారు. అమ్మకపుదారు రహస్యముగా ఒక కనీస ధరను నిర్ణయించవచ్చును. పాట ఆ ధరను చేరకపోతే వాహనము అమ్ముడుపోదు. హెచ్చుపాట పాడినవారు సుత్తి దెబ్బ పడిన ధరపై సంస్థకు కమీషను కూడా చెల్లించాలి. పత్రికలలో కనిపించే ధరలు సాధారణముగా ఈ కమీషనుతో కలిపి చెప్పినవి.

బ్రఫ్ స్వయముగా నడిపిన ఓల్డ్ బిల్ 2012లో 2,91,200 పౌండ్లకు అమ్ముడైంది. 2014లో 1929 నాటి ఎస్.ఎస్.100 ఒకటి 3,15,100 పౌండ్లు పలికింది.

వీటికంటే ఎక్కువ ఆసక్తి కలిగించినది 2016 ఏప్రిల్ 24న స్టాఫర్డ్‌లో జరిగిన వేలము. కార్న్‌వాల్ ప్రాంతములోని బాడ్మిన్ మూర్‌లో ఒక సేకర్త కొట్టములలో దశాబ్దములపాటు మూలబడి ఉన్న ఎనిమిది బ్రఫ్ సుపీరియర్ వాహనములు అప్పుడు అమ్మకమునకు వచ్చాయి. అవి తుప్పుపట్టి ఉన్నాయి. కొన్ని విడిభాగముల కుప్పలుగా ఉన్నాయి. వాటిలో 1938 నాటి బి.ఎస్.4 వాహనమునకు అంచనా ధర 80,000 నుండి 1,20,000 పౌండ్లు. పాటలో అది 3,31,900 పౌండ్లకు పోయింది. ఎనిమిది వాహనములకు కలిపి 7,52,625 పౌండ్లు వచ్చాయి.

మెరిసే వాహనము కంటే తుప్పుపట్టిన వాహనమునకు ఎక్కువ ధర పలుకుటకు కారణము ఉన్నది. మరమ్మతు చేసి రంగులు వేసిన వాహనములో ఏది పాతదో, ఏది కొత్తదో తెలుసుకొనుట కష్టము. చేయి పడని వాహనములో పుట్టినప్పటి భాగములు, సంఖ్యలు, అరుగుదల గుర్తులు అలాగే ఉంటాయి. మెరుగు ఎప్పుడైనా పెట్టించవచ్చును, పోయిన చరిత్రను తిరిగి తేలేము అన్నది సేకర్తల వాదము. వాహనమును మెరుగుతోనే గుర్తించిన నిర్మాత పేరుమీద ఈ పరిస్థితి రావడము విశేషము.

బ్రఫ్ సుపీరియర్‌కు ఈ రంగములో గట్టి పోటీ విన్సెంట్ సంస్థ వాహనములనుండి ఉన్నది. 1951 నాటి విన్సెంట్ బ్లాక్ లైట్నింగ్ ఒకటి 2018 జనవరిలో అమెరికాలోని లాస్ వేగాస్‌లో 9,29,000 డాలర్లకు అమ్ముడైంది. 1953లో ఆస్ట్రేలియా వేగపు రికార్డు నెలకొల్పిన ఆ వాహనమునకు కూడా ధర తెచ్చినది స్పష్టమైన పూర్వచరిత్రే.

అసలు, నకలు

ధరలు పెరిగిన కొద్దీ నకళ్ళ సమస్య కూడా పెరిగింది. బ్రఫ్ సుపీరియర్‌కు కావలసిన చట్రము, ఫోర్కు, ట్యాంకు, చివరకు జె.ఎ.పి. తరహా ఇంజను కూడా నేడు కొత్తగా తయారు చేయించుకోవచ్చును. నడుపుకొనుటకు ఇవి ఉపయోగకరమే. పాత వాహనములు రోడ్డుమీద తిరగడానికి ఇటువంటి విడిభాగములే ఆధారము. కొత్త భాగములతో కూర్చిన వాహనమును అసలైనదిగా అమ్మజూపినప్పుడే చిక్కు వస్తుంది. ఒకే పాత వాహనపు ఇంజను ఒకచోట, చట్రము మరొకచోట చేరి, రెండుచోట్లా కొత్త భాగములతో రెండు వాహనములు తయారైతే, వాటిలో ఏది అసలైనది అన్న వివాదము తలెత్తుతుంది.

ఈ వివాదమును కంటితో చూసి తేల్చలేరు. ఇంజను, గేరుబాక్సు వంటివి ఇతర సంస్థల వాహనములలోనూ వాడబడినవే కావడముతో, ఏ భాగము ఏ వాహనములో బిగించబడిందో చెప్పగలిగేది కార్డు మాత్రమే. అందువలన వేలము సంస్థలు బ్రఫ్ సుపీరియర్ వాహనము వచ్చినప్పుడు క్లబ్బు వద్ద ఉన్న కార్డు నకలును పుస్తకములో పేర్కొంటాయి. కొనుగోలుదారులు కూడా వాహనము కంటే ముందుగా దానినే అడుగుతారు. బ్రఫ్ గొప్పతనము కూర్పులో ఉన్నదంటే, ఆ కూర్పునకు మిగిలిన సాక్ష్యము ఈ కార్డులే.

భారతదేశములో

బ్రిటిషు మోటారుసైకిళ్ళ పరిశ్రమతో భారతీయులకు గల పరిచయము ముఖ్యముగా రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ ద్వారా కలిగింది. 1955లో మద్రాస్ మోటార్స్ సంస్థ ఇంగ్లాండులోని రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థతో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించి, మద్రాసు సమీపములోని తిరువొత్తియూరులో బుల్లెట్ తయారీ చేపట్టింది. మాతృసంస్థ ఇంగ్లాండులో మూతబడిన తరువాత కూడా ఇక్కడ ఉత్పత్తి కొనసాగింది. అనంతపురము - కదిరి రోడ్డుమీద ఉన్న ముదిగుబ్బ వంటి ఊళ్ళలో సైతము శబ్దము విని బుల్లెట్‌ను గుర్తుపట్టేవారు ఉంటారు. ఇంగ్లాండులో సేకర్తల వస్తువుగా మారిన తరహా వాహనము ఇక్కడ చాలాకాలము నిత్యవాడకపు బండిగా నిలిచింది.

పాత వాహనముల నమోదుకు కేంద్ర ప్రభుత్వము 2021 జూలైలో ప్రత్యేక నియమములు ప్రకటించింది. వీటి ప్రకారము మొదటిసారి నమోదైన నాటినుండి 50 సంవత్సరములు దాటి, చట్రము, ఇంజను, రూపము మార్చకుండా అసలు స్థితిలో ఉంచిన ద్విచక్ర, చతుశ్చక్ర వాహనములను వింటేజ్ వాహనములుగా నమోదు చేయించవచ్చును. నమోదు రుసుము 20,000 రూపాయలు. ఇది 10 సంవత్సరములు చెల్లుతుంది. తిరిగి నమోదుకు 5,000 రూపాయలు. నంబరు పలకపై రాష్ట్రపు గుర్తు తరువాత వి.ఎ. అన్న అక్షరములు ఉంటాయి. ఇటువంటి వాహనములను రోజువారీ ప్రయాణములకు, వ్యాపారమునకు వాడరాదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పరిశోధన, ఇంధనము నింపుకొనుట, మరమ్మతు వంటి పనులకు మాత్రమే రోడ్డుమీదకు తేవచ్చును. అమ్మకము, కొనుగోలు జరిగినప్పుడు రాష్ట్ర రవాణా అధికారులకు తెలియజేయాలి.

అసలు స్థితిలో ఉండటము అన్న ఈ నిబంధన వలన పాత పత్రముల విలువ ఇక్కడ కూడా తెలుస్తుంది. తాతల నాటి బండి ఇంట్లో ఉన్నవారు దానికి రంగు వేయించుటకు ముందు పాత ఆర్.సి. పుస్తకమును, కొనుగోలు రసీదును, సంఖ్యలు చెక్కిన భాగములను భద్రపరచుకోవడము అవసరము. తుప్పు వదిలించే తొందరలో చట్రముపై ఉన్న సంఖ్యను అరగదీస్తే ఆ వాహనము తన గుర్తింపును కోల్పోతుంది.

మరణము, తరువాతి పరిణామములు

జార్జ్ బ్రఫ్ 1970 జనవరి 12న తన 79వ యేట మరణించాడు. అప్పటికి ఆయన వాహనములు సేకర్తల దృష్టిని ఆకర్షించసాగాయి. కాని నేటి ధరలను ఆయన చూడలేదు. ఒక్కొక్క వాహనమునకు ఆయన సంస్థకు దక్కినది ఆనాటి అమ్మకపు ధర మాత్రమే.

2008లో మార్క్ ఉపహామ్ బ్రఫ్ సుపీరియర్ పేరుపై హక్కులను పొందాడు. తరువాత ఫ్రాన్సుకు చెందిన రూపశిల్పి థియరీ హెన్రియెట్‌తో కలిసి అదే పేరుతో కొత్త వాహనమును రూపొందించారు. 2013లో ప్రదర్శించిన కొత్త ఎస్.ఎస్.100 తయారీ 2016లో ఫ్రాన్సులోని టులూజ్ నగరములో ప్రారంభమైంది. పాత సంస్థవలెనే ఇది కూడా తక్కువ సంఖ్యలో, ఎక్కువ ధరకు వాహనములను తయారుచేస్తుంది.

పాత వాహనములలో మిగిలినవి మ్యూజియములలోను, సేకర్తల ఇళ్ళలోను, క్లబ్బు నిర్వహించే ప్రయాణములలోను కనిపిస్తాయి. నిర్మించి తొంభై సంవత్సరములు దాటినా కొన్నింటిని యజమానులు నేటికీ రోడ్డుమీద నడుపుతున్నారు.